పాత థార్‌కి వెనక హిచ్ రిసీవర్ చేయించాలంటే: పైపు సంగతి తర్వాత, ముందు ఛాసిస్ చూడండి

మీరు అడిగింది ఇదీ: మీది మహీంద్రా వాళ్ల పాత థార్ సీఆర్‌డీఈ డీజిల్ జీపు, వెనక రెండంగుళాల రిసీవర్ కావాలి, అంటే ట్రైలర్ తగిలించే బాల్ గానీ తాడు కట్టే షాకిల్ గానీ ఉన్న చదరపు దిమ్మని దూర్చి పిన్నుతో బిగించే గొట్టం. అప్పుడప్పుడు చిన్న ట్రైలర్ తగిలించాలి, బురదలో ఇరుక్కున్నప్పుడు తాడు కట్టి లాగడానికీ అదే పనికి రావాలి. మీ వెల్డరేమో "బంపర్ వెనకున్న అడ్డ మెంబర్‌కి నేరుగా వెల్డింగ్ కొట్టేస్తే ఏనుగునైనా లాగుతుంది, మూడు గంటల పని" అన్నాడు. నమ్మాలా వద్దా అని మీ సందేహం.

నమ్మకండి. ఆయన వెల్డింగ్ మంచిదే కావచ్చు, కానీ చోటు తప్పు.

నాది విజయవాడ ఆటోనగర్. ఇరవై ఏళ్లకు పైగా ట్రాక్టర్ ట్రక్కులు, లారీ బాడీలు కట్టే షెడ్డులో ఉన్నాను. జీపులు సరదా కొద్దీ. ఇప్పటికి సొంతానికీ స్నేహితులకీ కలిపి పదకొండు రిసీవర్లు చేశాను. మొదటి రెండూ పాడు చేశాను, వాటి సంగతి కింద చెబుతాను.

అడ్డ మెంబర్ ఎందుకు వద్దంటే, అది రెండు ఛాసిస్ రెయిళ్లు (బండి కింద పొడుగునా ఉండే రెండు ఉక్కు దూలాలు) ఒకదానికొకటి దూరం జరగకుండా పట్టుకోవడానికి పెట్టిన రేకు. నడి మధ్యలో పట్టుకుని వెనక్కి గుంజితే తట్టుకోవడానికి పెట్టింది కాదు. చాలా ఏళ్ల కిందట ఒకాయన జీపుకి ఇలాగే మెంబర్‌కి కొక్కెం వెల్డ్ చేయించుకొచ్చాడు. కృష్ణ ఇసుకలో ఇరుక్కుంటే ట్రాక్టర్‌తో లాగాం. కొక్కేనికి ఏమీ కాలేదు, వెల్డింగూ ఊడలేదు. వెల్డింగ్ చుట్టూ ఉన్న రేకు మాత్రం కుండ పెంకులా గుండ్రంగా తెగి, కొక్కెంతో సహా ట్రాక్టర్ వెనకాలే ఎగిరింది. డ్రైవర్ వంగి ఉన్నాడు కాబట్టి బతికాడు. కొక్కెం ఎంత బలంగా ఉందన్నది లెక్కలోకే రాలేదు. ఆ బలం ఛాసిస్‌లోకి ఏ దారిన వెళ్తోందన్నదే లెక్క.

ఆ దారి ఇలా ఉండాలి: తాడు, షాకిల్ (పిన్నుతో మూసే యూ ఆకారపు కొక్కెం), రిసీవర్‌లో దూరే 50 మి.మీ. గట్టి ఇనుప దిమ్మ, పిన్ను, రిసీవర్, అడ్డ పైపు, రెండు పక్కల బ్రాకెట్లు, బోల్టులు, చివరికి రెండు ఛాసిస్ రెయిళ్ల నిలువు గోడలు. ఇందులో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగుతుంది, మిగతాది ఎంత లావుగా ఉన్నా సరే.

ఎంత బలానికి చేయాలో ముందు అనుకోవాలి. మీ బండి ఖాళీగా టన్నున్నర దాటుతుంది, నలుగురు మనుషులు, సామాను, డీజిల్ వేస్తే రెండు టన్నుల పైమాటే. వించ్ కొనేటప్పుడు నిండు బరువుకి ఒకటిన్నర రెట్లు చూసుకోమంటారు కదా, ఆ లెక్కన మూడు టన్నుల పైన వస్తుంది. నల్లరేగడిలో ఇరుసు దాకా దిగితే అది కూడా చాలదు. నేను నాలుగు టన్నులకు లెక్క వేస్తాను. సాగే తాడుతో ఊపందుకుని జర్క్ ఇస్తే అంతకన్నా ఎక్కువే పడుతుంది, కాబట్టి ఇంట్లో చేసిన రిసీవర్‌కి జర్క్ కొట్టే అలవాటు పెట్టుకోకండి.

ఇప్పుడు అడ్డ పైపు. మీ రెయిళ్ల మధ్య దూరం కొలవండి, ఇక్కడికి 75 సెం.మీ. అనుకుందాం. చాలామంది గేట్లకు వాడే 60×60×4 మి.మీ. స్క్వేర్ పైపు తెచ్చేస్తారు. నడి మధ్యలో నాలుగు టన్నులు పడితే, చివరలు ఊరికే ఆనించి ఉన్నాయనుకుని లెక్క కడితే, చదరపు మిల్లీమీటర్‌కి దాదాపు 48 కిలోలు వస్తుంది. మంచి స్ట్రక్చరల్ పైపు 31 దగ్గరే వంగడం మొదలవుతుంది. అదే 72×72×4.8 పైపైతే 28 లోపు ఉంటుంది. చివరలు బ్రాకెట్లకు గట్టిగా వెల్డ్ అయి ఉంటాయి కాబట్టి నిజానికి ఇంకా తక్కువే పడుతుంది. నేను 72 కన్నా చిన్నది వాడను. షాపులో "అన్నా, ఇదీ అదీ ఒకటే" అంటారు, వెర్నియర్ పెట్టి గోడ మందం చూడండి. 4.8 అని 4 అంటగట్టిన సందర్భాలు నాకు రెండున్నాయి.

బ్రాకెట్లకు 8 మి.మీ. ప్లేటు. ముందు వెనకలుగా కనీసం 28 సెం.మీ. పొడుగు ఉండాలి. రెయిల్ నిలువు గోడకి బయటి వైపు నుంచి ఆని, కిందికి దిగి, అడుగున అడ్డ పైపుని రెండు చివరలా పట్టుకోవాలి. ఈ పొడుగు మీద నాకు పంతం ఎక్కువ, ఎందుకో చెబుతాను.

రెయిల్ సుమారు 10 సెం.మీ. లోతు అనుకోండి, దాని మధ్య నుంచి కిందికి 5 సెం.మీ. దాని కింద అడ్డ పైపు 7. దాని కింద రిసీవర్ మధ్య వరకు ఇంకో 3 పైచిలుకు. మొత్తం దాదాపు 15 సెం.మీ. కింద లాగుతున్నామన్నమాట. నాలుగు టన్నులు అంత కింద లాగితే బ్రాకెట్ మొత్తం తిరగబడాలని చూస్తుంది, ఒక చివరి బోల్టుల్ని పైకి తోస్తుంది, రెండో చివరివాటిని కిందికి గుంజుతుంది. ముందు బోల్టుకీ వెనక బోల్టుకీ మధ్య 20 సెం.మీ. ఉంటే ఆ తోపు మూడు టన్నులు, రెండు వైపులకూ పంచితే వైపుకి టన్నున్నర. అది పర్లేదు. బోల్టుల్ని దగ్గరగా 8 సెం.మీ. దూరంలో కొట్టారనుకోండి, అదే లాగుడికి వైపుకి 3.75 టన్నులు. బోల్టు తట్టుకున్నా మూడు నాలుగు మిల్లీమీటర్ల రెయిల్ గోడలో రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. 

బోల్టులు ఎం12 (12 మి.మీ. లావు), 8.8 గ్రేడ్ గట్టి స్టీల్‌వి, వైపుకి నాలుగు. వీలైతే కంపెనీవాళ్లు గోడలో వదిలిన రంధ్రాలే వాడుకోండి. కొత్తవి వేయాల్సి వస్తే నిలువు గోడలోనే, అదీ మధ్య భాగంలో. రెయిల్ సీ అక్షరం ఆకారంలో (సీ ఛానెల్) ఉంటే దాని పై రెక్కకీ కింది రెక్కకీ డ్రిల్లు ముట్టించకూడదు. లారీ బాడీ కట్టేవాళ్లం నేర్చుకునే మొదటి పాఠం ఇదే. బండి వంగే బరువంతా ఆ రెక్కల మీదే ఉంటుంది, అక్కడ రంధ్రం వేస్తే పగులుకి ముహూర్తం పెట్టినట్టే. గ్యాస్ కటింగ్‌తో రంధ్రాలు వద్దు, డ్రిల్లుతోనే. గోడకి లోపలి వైపు ఇంకో 6 మి.మీ. ప్లేటు పెట్టి, గోడని మధ్యలో నొక్కేలా బిగించండి. మీ రెయిల్ సీ ఛానెల్ కాక మూసిన డబ్బాలా ఉన్న చోట అయితే లోపల స్టీల్ బుష్ (బోల్టు దూరే గొట్టం ముక్క) పెట్టకుండా బిగించొద్దు. బిగిస్తున్న కొద్దీ డబ్బా నలుగుతుంది తప్ప బోల్టుకి పట్టు రాదు. 8.8కి 80 న్యూటన్ మీటర్ల దగ్గర టార్క్, నైలాక్ నట్టు (వదులు కాకుండా లోపల నైలాన్ ఉన్నది), గట్టి వాషరు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడండి.

అసలు బ్రాకెట్లని ఛాసిస్‌కి వెల్డింగ్ ఎందుకు చేయకూడదని మీరు అడగొచ్చు. రెయిల్‌కి అడ్డంగా వెల్డింగ్ గీత పడితే ఆ గీత అంచున వేడికి మెటల్ గుణం మారుతుంది, గుంతల దారిలో కొన్ని వేల సార్లు ఊగాక పగులు అక్కడే మొదలవుతుంది. వెంటనే తెలియదు, రెండేళ్ల తర్వాత తెలుస్తుంది. ఇంకో లాభం, బోల్టులైతే రోడ్డు మీదికి వెళ్లేటప్పుడు విప్పి పక్కన పెట్టొచ్చు.

ఇక రిసీవర్. రెండంగుళాల దిమ్మ దూరాలంటే లోపల 51 మి.మీ. చిల్లర ఖాళీ ఉండాలి, గోడ కనీసం 6 మి.మీ. ఉండాలి. మన దగ్గర స్టీల్ షాపుల్లో ఈ కొలతకి సరిపడే పైపు దొరకడం కష్టం. 63.5 పైపు 4.5 గోడతో దొరుకుతుంది, లోపల 54.5 వస్తుంది, దిమ్మ లొడలొడలాడుతుంది. పైగా మామూలు పైపు లోపల పొడుగునా వెల్డింగ్ కుట్టు ఉబ్బుగా ఉంటుంది, ఒక చేయి దూరం లోపలికి ఆకురాయితో దాన్ని రాయడం నరకం. డబ్బులు పెట్టగలిగితే రెడీమేడ్ రిసీవర్ ట్యూబు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, ఆ కుట్టు తీసేసి వస్తుంది. లేదంటే నాలుగు 8 మి.మీ. ప్లేటు ముక్కలతో డబ్బా కట్టుకోవాలి. నేను ఎక్కువగా ఇదే చేస్తాను.

మొదటి రిసీవర్ పాడైంది ఇక్కడే. కొలత తప్పకూడదని 50 మి.మీ. దిమ్మ మధ్యలో పెట్టి, దాని చుట్టూ నాలుగు ప్లేట్లు అతుక్కునేలా బిగించి, నాలుగు మూలలూ ఏకబిగిన వెల్డ్ కొట్టేశాను. ఎంత చక్కగా వచ్చిందో అని మురిసిపోయాను. చల్లారేసరికి దిమ్మ కదలదు. వెల్డింగ్ చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కదా, నాలుగు మూలలూ కలిసి దిమ్మని పీక పట్టుకున్నట్టు పట్టేశాయి. సమ్మెటతో పదిహేను దెబ్బలు కొట్టాను, దిమ్మ తల పుట్టగొడుగులా విచ్చుకుంది తప్ప జరగలేదు. చివరికి పక్క లేత్ షాపులో ప్రెస్సు మీద పెట్టి తోయిస్తే "ఠంగ్" మని చప్పుడు చేసి ఊడింది. మా షెడ్డు కుర్రాళ్లు ఆ వారమంతా నన్ను చూసి ఠంగ్ అంటూనే ఉన్నారు.

ఇప్పుడు చేసే పద్ధతి వేరు. దిమ్మకి నాలుగు వైపులా అర మి.మీ. రేకు చుడతాను. ప్లేట్లు పెట్టి సీ క్లాంపులతో బిగించి, మూలల్లో అక్కడక్కడా చిన్న టాక్‌లు (చుక్క వెల్డింగులు) మాత్రం వేస్తాను. టాక్‌లు పడ్డాక దిమ్మని సగానికి పైగా బయటికి లాగేస్తాను. అప్పుడు ఒక మూలలో రెండంగుళాలు, తర్వాత దాని ఎదురు మూలలో రెండంగుళాలు, ఇలా మార్చి మార్చి కొడతాను. ప్రతి రౌండ్‌కీ దిమ్మని ఒకసారి జరిపి చూస్తాను. ఎక్కడ బిగిస్తుంటే అక్కడ ఆగి చల్లారనివ్వాలి. మొత్తం అయ్యాక రేకు తీసేస్తే దిమ్మ వేలితో తోస్తే వెళ్లేలా ఉంటుంది. మూతి దగ్గర చుట్టూ ఇంకో 8 మి.మీ. పట్టీ కాలర్‌లా వెల్డ్ చేయండి, పక్కలకు లాగినప్పుడు మూతి విచ్చుకోకుండా.

రిసీవర్‌ని అడ్డ పైపు వెనక మొహానికి నిలబెట్టి వెల్డ్ చేయొద్దు, లాగుడంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది. పైపు మధ్యలో చదరంగా కోసి దూర్చడమూ వద్దు, వంపు ఎక్కువ పడేది సరిగ్గా అక్కడే. పైపు కిందుగా, 30 సెం.మీ. పొడుగు రిసీవర్‌ని సగం ముందుకీ సగం వెనక్కీ ఉండేలా పెట్టి, రెండు పక్కలా 8 మి.మీ. చెంప ప్లేట్లతో పైపుకీ దానికీ కలిపి వెల్డ్ చేయండి. తర్వాత పై నుంచి చూస్తే రిసీవర్ నుంచి అడ్డ పైపుకి ఏటవాలుగా రెండు త్రికోణం ముక్కలు. ఇవి అందానికి కాదు. మిమ్మల్ని లాగే బండి ఎప్పుడూ తిన్నగా వెనకాల నిలబడదు, చెట్టో గట్టో అడ్డం వచ్చి పక్కకి నిలబడుతుంది. అప్పుడు రిసీవర్ మూతిని పక్కకి వంచే బలం పడుతుంది.

వెల్డింగ్ రాడ్డు గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను. గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే 6013 రాడ్డు ఈ పనికి వద్దు. 7018 తీసుకోండి, 3.15 మి.మీ. దీని గొప్పంతా పొడిగా ఉన్నంతవరకే. విప్పేసి వర్షాకాలమంతా షెడ్డులో పడేసిన పాకెట్ అయితే తేమ పట్టి, వెల్డింగ్‌లోకి హైడ్రోజన్ చేరి, పైకి నున్నగా కనిపిస్తూ లోపల పగులుతుంది. పాకెట్ కొత్తది తెప్పించండి లేదా ఓవెన్ ఉన్న షాపులో చేయించండి. ప్లేటు అంచులు గ్రైండర్‌తో ఏటవాలుగా తీసి, తుప్పు, పెయింటు పూర్తిగా పోయి తెల్లటి మెటల్ కనిపించాకే మొదలు పెట్టండి. 110 నుంచి 130 ఆంపియర్ల మధ్య మీ మిషన్‌కి ఏది నప్పుతుందో ఒక తుక్కు ముక్క మీద చూసుకోండి. ఆ ముక్కని వైస్‌లో పెట్టి సమ్మెటతో వంచండి. వెల్డింగ్ దగ్గర విరిగితే సెట్టింగ్ తప్పు, ప్లేటు వంగితే సరే. బండి మీదే టాక్ వేయాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పోతే రిసీవర్ ఖర్చుకి పది రెట్లు అవుతుంది. ట్యాంకు, బ్రేక్ పైపు, వైరింగ్ ఎక్కడున్నాయో పడుకుని చూడకుండా రాడ్డు ముట్టించొద్దు.

పిన్ను 16 మి.మీ. మూతి నుంచి రంధ్రం మధ్యకి 60 మి.మీ. వదలండి. రిసీవర్‌కీ దిమ్మకీ కలిపి ఒకేసారి డ్రిల్లు వేస్తే గొడవ ఉండదు. కొనుక్కున్న హిచ్ సామాను వాడే ఉద్దేశం ఉంటే మాత్రం దాని రంధ్రం కొలతని బట్టే వేయాలి. 8.8 గ్రేడ్ స్టీల్ పిన్ను రెండు చోట్ల కోత మీద పదిహేను టన్నుల దగ్గర గానీ లొంగదు, అందుకని అది చిన్నదిగా ఉందని బెంగ వద్దు. కానీ అది దిమ్మ ఉన్నప్పటి మాట. దిమ్మ లేకుండా తాడు కొస రిసీవర్‌లో దూర్చి పిన్ను గుచ్చి లాగడం చాలామంది చేస్తారు. అప్పుడు పిన్ను మధ్యలో వంగుతుంది, వంగిన పిన్ను బయటికి రాదు. నా రెండో రిసీవర్ అలాగే పోయింది, పిన్ను తీయడానికి గ్రైండర్‌తో సగం రిసీవర్ కోయాల్సొచ్చింది. 50 మి.మీ. చదరపు గట్టి బార్ 20 సెం.మీ. ముక్క కొనండి, నాలుగు కిలోలు తూగుతుంది. దానికి 24 మి.మీ. రంధ్రం వేస్తే ముప్పావు అంగుళం షాకిల్ పిన్ను పడుతుంది. ఆ షాకిల్ మీద 4¾ టన్నులు అని పోత అక్షరాలు ఉండాలి. అక్షరాలు లేని షాకిల్ ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

ట్రైలర్ బాల్‌కి తాడు వేసి ఎప్పుడూ లాగొద్దు. బాల్ మెడ ట్రైలర్ బరువుకి చేసింది, బురదలోంచి బండిని పీకడానికి కాదు. మెడ తెగితే ఆ ఇనుప గుండు తాడుతో సహా అద్దం లోంచి లోపలికి వస్తుంది. ఇలా మనుషులు చనిపోయారు. బాల్ దిమ్మ వేరు, షాకిల్ దిమ్మ వేరు. రెండూ చేయించుకుని అవసరాన్ని బట్టి మార్చుకోండి.

ట్రైలర్ వైపు నేను ఎక్కువ చెప్పను. బరువులో పదో వంతు దాకా బాల్ మీద పడేలా సర్దాలి, వెనక ఎక్కువ వేస్తే బండి తోక ఊపుతుంది. రెండు సేఫ్టీ గొలుసుల కొక్కేలకి అడ్డ పైపు మీద చోటు ఇప్పుడే వెల్డ్ చేయించుకోండి. చట్టం సంగతి: మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ట్రైలర్ కూడా చట్టం లెక్కలో మోటారు వాహనమే, దానికి రిజిస్ట్రేషన్ వేరే కావాలి. అందుకే రోడ్డు మీద ట్రైలర్ లాగే ఉద్దేశం ఉంటే ఇంటి తయారీ వద్దు, ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కనుక్కోండి. నేను చెప్పిందంతా తోటలో, ఇసుకలో, ట్రాక్ మీద లాగడానికి.

పెయింటు వేసే ముందు డీపీ టెస్ట్ (రంగుతో వెల్డింగ్ పగుళ్లు పట్టుకునే పరీక్ష) చేయండి. మూడు డబ్బాల కిట్ వస్తుంది: క్లీనరు, ఎర్ర రంగు, తెల్ల పొడి. ఎర్రది కొట్టి పది నిమిషాలు ఆగి తుడిచి తెల్లది కొడితే, పగులు ఉన్న చోట ఎర్ర గీత పైకి తేలుతుంది. ఆ తర్వాత లాగుడు పరీక్ష. మా షెడ్డులో ఇలా చేస్తాం: బండి ముందు వైపు నిండు లారీకి కట్టేస్తాం, వెనక రిసీవర్‌కి చైన్ బ్లాక్ (చేత్తో గొలుసు గుంజి బరువు లాగే కప్పీ) తగిలించి ఇంకో నిండు లారీకి వేస్తాం. రెండు బ్రాకెట్ల మధ్య అడ్డ పైపు వెంబడి గుడ్డలు కుట్టే దారం బిగించి కడతాం. ప్రతి బోల్టు తల మీదా, పక్క ప్లేటు మీదా కలిసేలా సుద్దతో ఒక గీత. చైన్ మెల్లగా మూడు టన్నుల దాకా బిగించి, ఐదు నిమిషాలు ఉంచి, వదిలేస్తాం. దారానికీ పైపుకీ మధ్య సందు ముందు ఎంతుందో తర్వాతా అంతే ఉండాలి. రెండు మి.మీ. తేడా వచ్చినా పైపు వంగిందన్నమాట, అది తుక్కులోకే. సుద్ద గీత విడిపోయి ఉంటే బోల్టు జారింది, విప్పి రంధ్రం చూడాలి. చైన్ బిగిస్తున్నంతసేపూ ఎవరూ ఆ వరసలో నిలబడకూడదు, గొలుసు మీద తడి గోనెసంచి వేయండి.

ఇంకొకటి మరిచాను. రిసీవర్ అడుగున చిన్న రంధ్రం వేయండి, నీళ్లు పోవడానికి. మూతికి రబ్బరు మూత పెట్టండి. నల్లమట్టి లోపల చేరి ఎండితే సిమెంటు వేసినట్టే, దిమ్మ దూరదు. పాత థార్ వెనక కోణం అసలే తక్కువ కాబట్టి రిసీవర్ మూతి బంపర్ గీత దాటి బయటికి పొడుచుకు రాకుండా చూసుకోండి, లేకపోతే గట్టు దిగే ప్రతిసారీ అదే నేలని దున్నుతుంది.

మీరు చేయాల్సింది ముందు ఒకటి. బండి కింద పడుకుని మూడు ఫొటోలు తీసి పెట్టండి: రెయిల్ చివర లోపలి వైపు నుంచి ఒకటి, వెనక పట్టీ స్ప్రింగ్ వేలాడే బ్రాకెట్ దగ్గర ఒకటి, బంపర్ విప్పాక మొత్తం వెనక భాగం ఒకటి. స్కేలు పక్కన పెట్టి తీయండి. ఆ స్ప్రింగ్ బ్రాకెట్‌కీ రెయిల్ కొసకీ మధ్య 28 సెం.మీ. ఖాళీ ఉందో లేదో చూశాకే బ్రాకెట్ ప్లేటు ఏ ఆకారంలో కోయించాలో చెప్పగలను. అప్పటిదాకా మీ వెల్డర్‌ని కాస్త ఆగమనండి.